గాలి తగిలిన నీళ్ళు

చినరేవుపేటలో కూర్మమ్మ నూతి నీళ్ళంటే ఒకప్పుడు కుక్కలు కూడా ముఖం తిప్పుకొనేవి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తోడిన గంటకల్లా బిందె అడుగున తుప్పు రంగు మడ్డి. ఆ నీళ్ళతో ఉతికిన తెల్లచీర రెండు ఉతుకులకి సన్యాసం పుచ్చుకొనేది. చేపలు కడగడానికీ, వాకిలి చల్లడానికీ తప్ప ఆ నీళ్ళు ఇంకెందుకూ పనికొచ్చేవి కావు. తాగడానికి వీధి వీధంతా ఆటోలో వచ్చే క్యాన్ల కోసం ఎదురు చూసేది.

అలాంటి నీళ్ళను కూర్మమ్మ అద్దంలా చేసి చూపించింది. చేసి ఊరుకున్నా బాగుండేది. ఆ నీళ్ళతోనే మూడు నెలల పిల్లకి పాలు కలపమంది.

కూర్మమ్మకి నలభై ఎనిమిదేళ్ళు. మొగుడు సముద్రంలో పోయి పదహారేళ్ళయింది. పిల్లల్లేరు. తమ్ముడు వెంకీని తనే పెంచింది, యమునని తెచ్చి తనే పెళ్ళి చేసింది. వెంకీ ఏటా ఎనిమిది నెలలు గుజరాత్‌లో, వేరావల్ రేవులో, పరాయివాళ్ళ బోట్ల మీద వేటకి పోతాడు. ఇక్కడ కూర్మమ్మ చేపలు ఎండబెట్టి, బుట్టకెత్తి, ఆమదాలవలస తీసుకుపోయి అమ్ముతుంది. నోరు పెద్దది. మనసు అంతకన్నా పెద్దదని ఆమె నమ్మకం. మొదటి సంగతికి పేటంతా సాక్ష్యం, రెండో సంగతికి యమున ఒక్కతే.

ఆశ్వయుజంలో యమునకి ఆడపిల్ల పుట్టింది. చచ్చిపోయిన తల్లి బుల్లమ్మే తిరిగొచ్చిందని కూర్మమ్మ సంబరపడిపోయి, పిల్లని బుల్లి అని పిలవడం మొదలుపెట్టింది. పురిటి తర్వాత యమునకి పట్టుకున్న జ్వరం పన్నెండు రోజులు వదల్లేదు. వదిలేసరికి పాలు ఎండిపోయాయి. ఇక డబ్బా పాలే గతి. డబ్బా పాలంటే నీళ్ళు కావాలి.

సరిగ్గా అప్పుడే తుఫాను వచ్చింది. నాలుగు రోజులు క్యాన్ల ఆటో రాలేదు. గాలికి కరెంటు స్తంభాలు పడిపోయాయి, దారంతా మోకాటి లోతు నీళ్ళు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే కూర్మమ్మ బిందె నెత్తిన పెట్టుకొని పక్క ఊరి దాకా నడిచి, ఎవరి కాళ్ళో పట్టుకొని నీళ్ళు తెచ్చింది. తెచ్చి దించుతూ సొంత నూతి వైపు చూసి ఉమ్మేసింది.

"వాకిట్లో నుయ్యెట్టుకోని నీళ్ళ కోసం ఊళ్ళు తిరగాలేటే యమునా? ఈ నూతి సంగతేటో తేల్చకపోతే నాను కూర్మమ్మని కాదు" అంది.

అన్నదంటే చేస్తుంది. వానలు తగ్గాక హైస్కూల్లో సైన్సు చెప్పే జగదీశ్వరి టీచరు దగ్గరకి పోయింది. జగదీశ్వరిది బొబ్బిలి. వీణలు చేసే వీధి పక్కన ఇల్లు, తండ్రి గుడిలో అర్చకుడు. ఇప్పుడు ఆమదాలవలసలో గది తీసుకొని స్కూటీ మీద వచ్చిపోతోంది. పాతికేళ్ళ పిల్ల. పేటలో ఎవరినైనా గారు అని పిలుస్తుంది, అందుకు అందరూ ముసిముసిగా నవ్వుకుంటారు.

"గాలి తగలాలి కూర్మమ్మగారూ" అంది జగదీశ్వరి. "నూతి అడుగున నీళ్ళకి గాలి ఉండదు. పైకి తోడి, జల్లులా కిందకి వదిలితే ఆ వాసన గాలిలో కలిసిపోతుంది. నీళ్ళలో ఉన్న ఇనుము తుప్పుగా మారి రాళ్ళకి అంటుకుంటుంది. కింద ఇసకలోంచి వడగడితే తేటనీళ్ళు వస్తాయి."

కూర్మమ్మకి ఇది వంట చెప్పినంత సులువుగా అర్థమయింది. చేపలు మోసే ప్లాస్టిక్ ట్రేలు ఇంట్లో ఉండనే ఉన్నాయి. వాటికి అడుగున చిల్లులూ ఉన్నాయి. సరుగుడు కర్రలు పాతి, నాలుగు ట్రేలు ఒకదానిమీద ఒకటి, మధ్యలో జానెడు సందు వదిలి కట్టింది. ట్రేలనిండా నల్లరాతి చిప్స్ పోసింది. పైన చిల్లుల గొట్టం, అడుగున సిమెంటు తొట్టి, తొట్టి పక్కన ఇసక నింపిన డ్రమ్ము, డ్రమ్ముకి కుళాయి. మోటారు వేస్తే నీళ్ళు పై గొట్టంలోంచి జల్లుగా పడి, ట్రే నుంచి ట్రేకి చినుకులై దిగేవి.

ఒక ఆదివారం జగదీశ్వరి తనే వచ్చి చూసింది. చిన్న సీసాలో నీళ్ళు పట్టుకుంది. వెళ్ళే ముందు నూతి చుట్టూ ఓసారి కలియజూసి అడిగింది.

"ఈ దగ్గర్లో మరుగుదొడ్డి గాని, పశువుల పాక గాని, మురుగ్గుంట గాని ఉందాండీ?"

"రామ రామ! మా నూతికాడ అలాటి సెత్త ఎందుకుంటాది టీచరమ్మా?" అంది కూర్మమ్మ.

అబద్ధం చెప్పలేదు. నూతి చుట్టూ నాలుగు కొబ్బరి చెట్లున్నాయి. కూర్మమ్మ తల్లి కాలం నుంచీ చేపలు కోసిన పేగులూ, మొప్పలూ, రొయ్యల తలకాయలూ ఆ చెట్ల మొదళ్ళలో గొయ్యి తీసి పూడుస్తారు. చేపలు ఎండబెట్టే ఇల్లు కనక రోజుకి రెండు బుట్టలైనా ఉంటుంది. అందుకే ఆ చెట్ల కాయలు పేటలో అందరి కాయలకన్నా పెద్దవి. దాన్ని చెత్త అని చేపల మధ్య పుట్టినవాళ్ళెవరూ అనరు. చెట్టుకి పెట్టే అన్నం అంటారు. పెరుగన్నం తిని పెరిగిన జగదీశ్వరికి దాని సంగతి అడగాలని తోచలేదు. కూర్మమ్మకి చెప్పాలని తోచలేదు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరి మంచితనం మధ్యనుంచి ఆ ఒక్క మాట జారిపోయింది.

నాలుగు రోజుల తర్వాత జగదీశ్వరి నవ్వుతూ వచ్చి పరీక్షలో నీళ్ళు బాగున్నాయని చెప్పింది. నెలకోసారి రాళ్ళు దించి కడగమంది. నెలకోసారి సీసా పట్టి తనకివ్వమంది. కూర్మమ్మ అన్నిటికీ తలూపింది.

ఆ తర్వాత చూడాలి కూర్మమ్మ వైభవం! జగ్గమ్మ దగ్గర్నుంచి గురమ్మ దాకా వీధిలో ఆడవాళ్ళందరూ బిందెలతో ఆమె కుళాయి ముందు వరసకట్టారు. నిన్నటిదాకా ఆమె వాకిలి దాటుతూ ముక్కు మూసుకున్నవాళ్ళే. కూర్మమ్మ స్టూలేసుకొని కూర్చొని, మోటారు స్విచ్చి దగ్గర తహసీల్దారులా అజమాయిషీ చేసేది. వచ్చినవాళ్ళకి గ్లాసుతో ఇచ్చి, తాగేదాకా కదలనిచ్చేది కాదు. "ఎలా ఉన్నాది?" అని అడిగేది. "తియ్యగున్నాది" అని చెప్పేదాకా వదిలేది కాదు.

రాళ్ళు ఒకసారి కడిగింది. రెండో నెల చూస్తే రాళ్ళమీద ఎర్రటి తుప్పుతోపాటు సన్నటి జిగురు కట్టింది. అది కట్టాకే నీళ్ళు మరీ తేటగా వస్తున్నట్టు ఆమెకి అనిపించింది. కూర చట్టికి నూనె పట్టాక ఎవరైనా గీకి తోముతారా? అలాగే వదిలేసింది. సీసా కూడా ఇవ్వలేదు. బాగున్న నీళ్ళకి పరీక్ష ఎందుకు? జగదీశ్వరి దారిలో కనబడి రెండుసార్లు అడిగింది. రేపిస్తానంది. ఈలోగా స్కూల్లో పరీక్షలు మొదలై, ఆ పిల్ల అడగడం మానేసింది.

ఇంట్లో యమున ఒక్కతే కాస్త వెనకాడింది. "వదినా, మనం ఏ నీళ్ళైనా తాగుతాం. బుల్లి గుంటకి మట్టుకు క్యాన్ నీళ్ళే మరగబెట్టి కలుపుతాను. అలవాటైన నీళ్ళు కదా" అంది.

అంతే. కూర్మమ్మ చేతిలో గరిట కిందపడింది.

"ఊరికంతటికీ పనికొచ్చిన నీళ్ళు నీ గుంటకి పనికిరావేటి? ఎవలి కోసం కట్టినాను ఇదంతా? నా కన్నపిల్లైతే నిన్నిలా అననిద్దునా?"

ఆ పూట అన్నం మీద అలిగింది. మర్నాడూ తినలేదు. మూడోనాడు యమునే దిగొచ్చి, కంచం చేతికిచ్చి, "తిను వదినా. నీ నీళ్ళే కలుపుతాను" అంది. కూర్మమ్మ తింది. తిని, పిల్లకి తనే స్వయంగా నీళ్ళు మరగబెట్టింది, బాగా, సగానికి సగం ఇగిరేదాకా. పిల్ల విషయంలో ఆమె ఏదీ అరకొరగా చెయ్యదు.

మాఘమాసం వచ్చేసరికి బుల్లి మందగించింది. నవ్వే పిల్ల నవ్వడం తగ్గించింది. పాలు తాగుతూ తాగుతూ అలిసిపోయి కళ్ళు మూసేది. "పెదాలు నల్లబడతన్నాయి వదినా, గోళ్ళు సూడు" అంది యమున ఒకరోజు. "సలికే అది. నూనె రాసి ఎండలో ఎట్టు" అంది కూర్మమ్మ. తనే ఒళ్ళో పడుకోబెట్టుకొని కొబ్బరినూనె రాసింది. ఎండలో పిల్ల ఒళ్ళు బూడిద రంగుగా కనబడింది. దిష్టి తీసింది. జగ్గమ్మ చేత తాయెత్తు కట్టించింది.

నాలుగోనాడు పొద్దున్న పాలు పట్టిన అరగంటకి పిల్ల ఊపిరి ఎగశ్వాస అయింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయిపోయాయి. ఆటో కట్టించుకొని శ్రీకాకుళం పరిగెత్తారు. దారిలో గేటు పడింది. గూడ్సు బండి ఎంత పొడుగుందో అంత పొడుగూ కూర్మమ్మ దాన్ని తిట్టింది. ఆస్పత్రి మెట్ల దగ్గర ఆటో దిగుతుంటే పిల్ల చెయ్యి జారి వేలాడింది. డాక్టరు చాలాసేపు ప్రయత్నించాడు. చిన్నవాడు, చెమటలు పట్టి చొక్కా తడిసిపోయింది. సూదితో తీసిన రక్తం చూసి అతని ముఖం మారింది. అది ఎర్రగా లేదు, కాఫీ పొడి కలిపినట్టుంది. అది ఏమిటో అతనికి తెలిసి మందు తెప్పించేలోగా బుల్లి పోయింది.

"పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారమ్మా?" అని అడిగాడు.

కూర్మమ్మ చెప్పింది. "సుద్ధి సేసిన నీళ్ళు బాబూ. ఊరంతా తాగతన్నారు."

"ఆ నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి" అన్నాడతను. అంత ఏడుపులోనూ కూర్మమ్మకి ఒళ్ళు మండింది.

వేరావల్‌కి ఫోను చేస్తే బోటు వేటకి పోయి వారమయిందన్నారు. ఇంకో ఇరవై రోజులకి గాని ఒడ్డుకి రాదు. నడిసముద్రంలో ఉన్నవాడికి ఈ కబురు చెప్పి ఏం చేస్తాం, ఒడ్డుకొచ్చాకే చెప్పుకోండి అన్నాడు బోటు యజమాని. ఆ మాటలో న్యాయం ఉంది. అలా బుల్లిని తండ్రి లేకుండానే పాతిపెట్టారు.

ఆ తర్వాత పేట నోరు ఊరుకోలేదు. పలకరింపుకి వచ్చిన ఆడవాళ్ళు యమున వినేట్టే అనుకొన్నారు. తల్లి పాలు పడని బిడ్డ ఎన్నాళ్ళుంటుంది, డబ్బా పాలు విషం, ఈ కాలప్పిల్లలకి పాలిచ్చే ఓపికేదీ. యమున గోడకి జారబడి ఉండిపోయింది. అన్నం ముట్టలేదు. పొడిబారిన రొమ్ములమీద చేతులు అడ్డం పెట్టుకొని కూర్చొనేది. కూర్మమ్మ వాళ్ళని ఆపలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గాని, ఆపలేదు. ఎందుకంటే వాళ్ళలా అంటున్నంతసేపూ డాక్టరు అడిగిన మాట ఆమె చెవిలో కాస్త తగ్గేది.

పదోనాటికి అదీ తగ్గడం మానేసింది. డాక్టరు మాట తప్పని రుజువు చెయ్యడానికే ఆమె జగదీశ్వరిని పిలిపించింది. "పరీక్ష సెయ్యి టీచరమ్మా, ఇక్కడే, నా కళ్ళెదుట" అంది.

జగదీశ్వరి నూతి గట్టుమీద పరీక్ష మందుల పెట్టె తెరిచింది. చిన్న గాజుగొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి ఊపింది. నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. ఇంకా ముదిరాయి. ముదిరి ముదిరి బీట్‌రూట్ రసంలా ఆగాయి. జగదీశ్వరి మళ్ళీ ఇంకో గొట్టంతో చేసింది. అదే రంగు.

"మొదట్లో లేదు ఇది. నేనే చూశాను, లేదు" అంది. తర్వాత నేరుగా నూతిలోంచి చేదతో తోడించి, ఇంకో మందు వేసి చూసింది. "దీంట్లో కుళ్ళు ఉంది కూర్మమ్మగారూ. చాలా ఉంది. ఎక్కడ్నుంచి వస్తోంది?" అని చుట్టూ చూసింది. కొబ్బరి చెట్టు మొదట్లో కొత్తగా పూడ్చిన మట్టి ఉంది. "ఆ గోతిలో ఏముంది?"

"ఏటుంటాది? సేపల పేగులు. సెట్టుకి ఏసినాం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా అమ్మ కాడ్నించీ."

జగదీశ్వరి గట్టుమీద కూర్చుండిపోయింది. నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు కాకుండా, మనిషికి మనిషి చెప్పినట్టు చెప్పింది. ఆ కుళ్ళు ఇసకలోంచి దిగి నీళ్ళలో కరిగి ఉంది. కరిగినదానికి రంగు లేదు. ట్రేలలో గాలి తగిలి, రాళ్ళమీద జిగురు కట్టాక, ఆ జిగురులోని కంటికి కనబడని పురుగులు దాన్ని వాసన కూడా లేని విషంగా మార్చాయి. పెద్దవాళ్ళకి దానివల్ల తెలిసేటంత హాని కాదు. నెలల పిల్లలకి మాత్రం నెత్తుట్లో ఊపిరి నిలవనివ్వదు. మరగబెడితే పోదు, ఇంకా చిక్కబడుతుంది.

"గాలి తగలకపోతే?" అంది కూర్మమ్మ.

జగదీశ్వరి గాజుగొట్టంలో నీళ్ళు ఒలకబోసింది. "తగలకపోతే ఆ వాసన ఉండేది. ఎవరూ తాగేవారు కారు." తర్వాత, "ఆ రోజు చెట్ల కింద మట్టి చూసి కూడా అడగలేదు. సీసా గట్టిగా అడిగి తీసుకోలేదు. నా తప్పు కూడా ఉంది" అని ఏడ్చింది.

కూర్మమ్మ ఏడవలేదు. అప్పుడే జగ్గమ్మ బిందె చంకనెట్టుకొని వచ్చింది. జగ్గమ్మ కోడలికి ఎనిమిదో నెల. కూర్మమ్మ లేచి మోటారు వైరు పీకేసింది. "ఈ నీళ్ళొద్దు. మీ కోడలికి అసలే ఒద్దు. నా బుల్లిని సంపినవి ఈ నీళ్ళే. ఎల్లి అందరికీ సెప్పు" అంది. కూర్మమ్మ ఆమెని దాటుకొని లోపలికి పోయింది.

యమున గోడ దగ్గరే ఉంది. కూర్మమ్మ ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"నీ పాలు కాదే యమునా. డబ్బా కాదు. నా నీళ్ళే. నాను మరగబెట్టి మరగబెట్టి ఇచ్చినాను సూడు, ఆ నీళ్ళే. టీచరమ్మ సూసి సెప్పింది. నన్ను కొట్టు. సెప్పుతో కొట్టు."

కొడుతుందనే అనుకొంది. కొడితే బాగుండుననుకొంది. జుట్టు పట్టుకొని వీధిలోకి ఈడ్చి, నా బిడ్డని తిన్నావే అని అరిస్తే ప్రాణానికి కాస్త తెరిపిగా ఉండేది. యమున కదల్లేదు. పది రోజుల్లో మొదటిసారి కూర్మమ్మ ముఖంలోకి చూసింది.

"గోళ్ళు నల్లబడినప్పుడే నాకు అనుమానమొచ్చింది వదినా" అంది. "ఆటో క్యాను ఒకటి జగ్గమ్మ ఇంటికాడ దింపించి తెచ్చినాను. అది పోడానికి నాలుగు రోజుల ముందర. మంచం కింద దాసినాను. నువ్వు సంతకెల్లినప్పుడు ఆ నీళ్ళతో కలుపుదునని. నువ్వు తొందరగా తిరిగొచ్చేసినావు. సూస్తే మళ్ళీ అన్నం మానేస్తావని, తీసికెల్లి పెరట్లో పారబోసినాను. నీ కోపానికి బయపడి పారబోసినాను వదినా."

కూర్మమ్మ నీళ్ళ మీద వేద్దామనుకొన్న నేరం, చేపల పేగుల మీద వేద్దామనుకొన్న నేరం, వచ్చి వచ్చి తన నోటిమీద, తన అలకమీద కూర్చొంది. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ క్యాను నీళ్ళు పడి ఉంటే? ఈ ప్రశ్నకి జవాబు చెప్పే పరీక్ష ఏ టీచరు పెట్టెలోనూ లేదు. ఇక బతికినన్నాళ్ళూ దీన్ని ఆమే అడుక్కోవాలి.

అంతలో మంచం మీద యమున ఫోను మోగింది. తెర మీద వెంకీ పేరు. ఇంకా పది రోజులు ఉండాల్సింది, వేట ముందే ముగిసినట్టుంది. యమున ఫోను తీసి, పేరు చూసి, కూర్మమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వే సెప్పు" అంది. గోడవైపు తిరిగి పడుకొంది.

"అలో, అక్కా! యమునేదీ?" వెంకీ గొంతు వెనక ఇంజన్ల చప్పుడు, ఎవరిదో నవ్వు. "వల నిండిపోనాది, ముందే వచ్చేసినాం. ఇంకా జెట్టీకి కట్టనేదు, సిగ్నలు రాగానే సేసినాను. బుల్లి ఏటి సేస్తంది? బోర్లా పడతందేటి? ఒకపాలి దాని సెవి కాడ పోనెట్టు, నాను పిలుస్తాను."

కూర్మమ్మ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకొంది.

"అక్కా, వినబడతందా?"

"వినబడతందిరా" అంది కూర్మమ్మ. "నువ్వు బోటు అంచుకాడ ఉన్నావేటి? అక్కడ్నించి లెగు. ముందర గట్టుమీదికి రా. వచ్చి ఎక్కడైనా కూసో, అప్పుడు సెప్తాను."